అబార్షన్‌కు ఇంట్లోవాళ్ల సంతకం కావాలా?

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. పెళ్లి కాలేదు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. జాగ్రత్తలు తీసుకున్నా గర్భం వచ్చింది. ఇప్పుడు 13వ వారం. ఒక నర్సింగ్‌హోంకి వెళ్తే, ‘భర్తనో, అమ్మానాన్నలనో తీసుకొచ్చి సంతకం పెట్టించు’ అన్నారు. మెడికల్ షాపులో మాత్రలు కొనుక్కోమని ఫ్రెండ్ అంటోంది. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, ముందు ఆ మాత్రల ఆలోచన మానేయండి. మాత్రలతో అబార్షన్‌కు నిబంధనల్లో ఉన్న గడువు 9 వారాలు, అదీ డాక్టర్ ద్వారానే. 13వ వారంలో మీ అంతట మీరు మింగితే రక్తస్రావం ఆగక ప్రాణం మీదికి రావచ్చు. ఇప్పటికే వేసుకుని ఉంటే, ఏమంటారోనని భయపడకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

ఇక సంతకం సంగతి. మీకు 18 నిండాయి కాబట్టి ‘ఫారం సి’ అనే సమ్మతి పత్రం మీద మీ సంతకం ఒక్కటే చాలు. సంరక్షకుల సంతకం మైనర్లకు, మానసిక అనారోగ్యం ఉన్నవారికి మాత్రమే. మిమ్మల్ని వెనక్కి పంపినవాళ్లు అడిగింది చట్టంలో లేనిది. కుటుంబ సభ్యుల అనుమతి లాంటి అదనపు షరతులు డాక్టర్లు పెట్టకూడదని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబర్ 29 నాటి తీర్పులో స్పష్టంగా చెప్పింది.

1971 నాటి అబార్షన్ చట్టం గర్భనిరోధకం విఫలమైన సందర్భంలో ‘వివాహిత, ఆమె భర్త’ గురించే మాట్లాడేది. 12 వారాలు దాటితే ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాల్సి వచ్చేది. 2021 సవరణతో ‘వివాహిత, ఆమె భర్త’ అన్న మాట ‘స్త్రీ, ఆమె భాగస్వామి’ అయింది. 20 వారాల వరకు ఒక్క డాక్టర్ అభిప్రాయం చాలు. అయితే అడగ్గానే చేసి తీరాలని చట్టం అనలేదు, నిర్ణయం డాక్టర్ అభిప్రాయం మీదే ఆధారపడుతుంది. అందుకే గర్భనిరోధకం విఫలమైందని డాక్టర్‌కు చెప్పండి. అలా వచ్చిన గర్భం వల్ల కలిగే వేదనను మానసిక ఆరోగ్యానికి తీవ్ర హానిగా చట్టమే పరిగణిస్తుంది.

ప్రభుత్వాసుపత్రికి గానీ, ప్రభుత్వ అనుమతి ఉన్న కేంద్రానికి గానీ వెళ్లండి. అనుమతి పత్రం అందరికీ కనిపించేలా పెట్టాలి, గోడ మీద చూడండి. కేస్‌షీట్‌లో మీ పేరు రాయరు, సీరియల్ నంబరే ఉంటుంది. చట్టం అనుమతించినవారికి తప్ప ఇంకెవరికైనా మీ వివరాలు చెబితే ఏడాది వరకు జైలు శిక్ష పడొచ్చు.

అక్కడా కాదంటే వాదనతో రోజులు పోగొట్టుకోకుండా మరో చోటికి వెళ్లండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఆదాయంతో పనిలేకుండా మహిళలకు లాయర్ ఉచితం. స్కానింగ్ రిపోర్టు ఉంటే పట్టుకుని రేపే బయల్దేరండి.