మెహారికూర్ వెళ్లేముందు

చిట్టితల్లీ,

మొన్న ఆదివారం మీ అమ్మ వైజాగ్ నుంచి ఫోన్ చేసింది. "అన్నయ్యా, నీ మేనకోడలు పరీక్షలు దగ్గర పెట్టుకుని ఎవరిదో సమాధి చూడ్డానికి పోతుందట. దాని మీద తెలుగులో వీడియో చేస్తుందట. ఇదంతా నీ చలవే" అంది. ఆ ఎవరో, రెండో ప్రపంచ యుద్ధంలో పోయిన కెనడా బాంబరు గన్నర్ ఆండ్రూ మినార్‌స్కీ అని ఆవిడకేం తెలుసు. పన్నెండేళ్లప్పుడు నిన్ను ఇక్కడ కెనడాలో హామిల్టన్ మ్యూజియంకి తీసుకెళ్లి ఆ లాంకాస్టర్ బాంబరు విమానం రెక్క కింద నిలబెట్టింది నేనే కాబట్టి నోరు మూసుకున్నాను. ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఛాతీ ఉబ్బింది. రాత్రి పడుకున్నాక టెన్షన్ మొదలైంది. అందుకే ఈ ఉత్తరం.

చిన్న విషయాలు ముందు. లీల్ నుంచి, ఆ సమాధి ఉన్న ఫ్రాన్స్ పల్లె మెహారికూర్‌కి ఎలా చేరాలో, ఎలా తిరిగి రావాలో ముందే కనుక్కో. జూన్ అయినా స్వెటర్ పెట్టుకో. మినార్‌స్కీ సర్వీసు ఫైలు కెనడా రాజధాని ఒటావా ఆర్కైవ్స్‌లో ఉంటుంది, యుద్ధంలో పోయినవాళ్ల ఫైళ్లు ఎవరైనా చూడొచ్చు. తారీఖులన్నీ అందులో సరిచూసుకో.

ఆండ్రూ మినార్‌స్కీ ఎలా చనిపోయాడో నీకు నేను చెప్పక్కర్లేదు. 1944 జూన్ 12 రాత్రి ఫ్రాన్స్‌లో కాంబ్రే రైల్వే యార్డు మీదికి వెళ్తుంటే విమానం అంటుకుంది. దూకేయమన్నారు. దూకబోయేవాడు వెనక్కి చూస్తే, తోక చివర తుపాకులుండే టరెట్‌లో అక్కడి గన్నర్ పాట్ బ్రోఫీ ఇరుక్కుపోయి ఉన్నాడు. మంటల్లో పాక్కుంటూ వెళ్లి గొడ్డలితో, ఉత్త చేతులతో పెనుగులాడాడు. ఇక లాభం లేదు, వెళ్లిపొమ్మని బ్రోఫీయే చెయ్యి ఊపాడు. మినార్‌స్కీ కాలుతున్న బట్టలతో నిలబడి సెల్యూట్ చేసి దూకాడు. కాలిన గాయాలతో ప్రాణం పోయింది. విమానం బాంబులతో సహా కూలితే, చిత్రంగా బ్రోఫీ బయటికి విసిరేయబడి బతికాడు. ఏడుగురిలో పోయింది మినార్‌స్కీ ఒక్కడే. బ్రోఫీ వచ్చి చెప్పకపోతే ఆ సెల్యూట్ సంగతి ఏ కాగితంలోనూ ఉండేది కాదు. శౌర్యానికి బ్రిటన్ ఇచ్చే అత్యున్నత పతకం విక్టోరియా క్రాస్ అతనికి 1946లో ఇచ్చారు.

ఇదంతా ఎవరైనా చెప్తారు. విన్నిపెగ్‌లో పోలండ్ నుంచి వచ్చిన వాళ్లింట్లో పుట్టాడనీ, తండ్రి పోతే తోలు కోసే పనికి వెళ్లి ఇల్లు గడిపాడనీ నువ్వు చెప్పు. రాత్రిళ్లు పడుకోబోయేముందు ఆఫీసరైన బ్రోఫీకి ఆట పట్టిస్తున్నట్టు వంగి "గుడ్ నైట్, సార్" అనేవాడట. అది చెప్పు. చావు రెండు నిమిషాల్లో అయిపోవాలి నీ వీడియోలో.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, నేను ఒకసారి ఘోరంగా తప్పు చేశాను. మీ అత్తయ్యకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

ముప్పై ఏళ్ల పైమాట. మా వీధిలో ఒక పెద్దావిడ ఉండేది. నాకు విమానాల పిచ్చి అని తెలిసి, వాళ్ల తమ్ముడు కూడా తోక గన్నరే, 1944లో వెళ్లి తిరిగి రాలేదు, వాడి గురించి ఏమైనా తెలుస్తుందా అని అడిగింది. ఒటావాకి రాశాను. నెలల తర్వాత లావుపాటి కవరు వచ్చింది. నాకేదో లాటరీ తగిలినట్టే అనిపించింది. ఆ శనివారమే వెళ్లి వాళ్ల డైనింగ్ టేబుల్ మీద కాగితాలు వరుసగా పరిచి, గీత కింద వేలు పెట్టి మరీ చదివాను. యుద్ధం అయ్యాక గాలింపు బృందం వాళ్లు గొయ్యి తవ్విన రిపోర్టు కూడా. ఒళ్లు ఎలా ఉందో, ఏ పన్ను చూసి గుర్తుపట్టారో కూడా.

ఆవిడ టీ పోస్తూ ఆగిపోయింది. కెటిల్ కింద పెట్టలేదు, అలా గాల్లోనే పట్టుకుని ఉంది. వాడికి నొప్పి తెలిసుండదని కమాండర్ రాసిన ఉత్తరం నలభై ఏళ్లకి పైగా బైబిల్లో దాచుకున్న మనిషి. చివరికి ఒక్కటే అడిగింది. "ఆ రాత్రి వాడికి గుడ్డు పెట్టారా?"

నాకు అర్థం కాలేదు. అప్పట్లో ఇంగ్లండ్‌లో రేషన్, మనిషికి వారానికి ఒక గుడ్డు. బాంబింగ్‌కి వెళ్లే వాళ్లకి మాత్రం బేకన్‌తో పాటు గుడ్డు పెట్టేవాళ్లు. తమ్ముడు ఉత్తరాల్లో అదే రాసేవాడట. ఇన్నేళ్లూ ఆవిడకి ఉన్న దిగులు, వాడు ఖాళీ కడుపుతో వెళ్లాడేమోనని. నా దగ్గర నలభై పేజీలున్నాయి, వాటిలో అది లేదు. ఆ కాగితాలన్నీ సంచిలో కుక్కుకుని, టీ తాగకుండా ఇంటికొచ్చేశాను.

కొన్ని నెలలకి అప్పట్లో నావిగేటర్‌గా పనిచేసిన ఒక ముసలాయన కలిస్తే అడిగాను. "మెస్‌లో తినకుండా ఎక్కేవాళ్లం కాదయ్యా, గుడ్డు ఉండాల్సిందే" అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని మళ్లీ వెళ్లాను. ఆవిడ నవ్వి, "పచ్చసొన గట్టిపడితే ముట్టేవాడు కాదు" అంది. లోపలికెళ్లి ఆల్బమ్ తెచ్చింది. ఆ కాగితాల ఊసు మళ్లీ ఎత్తలేదు.

కాబట్టి ఎవరైనా కుటుంబం వాళ్లు కలిస్తే, నోట్సు మూసేసి వాళ్లేం తెలుసుకోవాలనుకుంటున్నారో ముందు అడుగు తల్లీ. బ్రిటన్ బాంబరు విమానాల దళం బాంబర్ కమాండ్‌లో ఎగిరింది సుమారు 1,25,000 మంది. పోయింది 55,573. ఈ అంకెలు స్క్రీన్ మీద వెయ్యి గానీ వాళ్ల ముందు అనకు.

ఇంకొకటి. కాంబ్రేలో కింద కూడా ఇళ్లున్నాయి. మనింట్లో బాంబరు సంగతి కింద నుంచే తెలుసు. 1942 ఏప్రిల్ 6న జపాన్ వాళ్లు విశాఖ మీద బాంబులేసినప్పుడు మీ అమ్మమ్మకి తొమ్మిదేళ్లు. ఎడ్లబండిలో బొబ్బిలి వైపు పారిపోయారట. నేను కెనడాకి బయల్దేరిన రోజు ఎయిర్‌పోర్టులో అందరూ పైకి చేతులూపుతుంటే, ఆవిడ తల దించుకుని చెప్పులే చూస్తూ నిలబడిందని మీ అమ్మ చెప్పింది. ఆ ఊళ్లో గట్టిగా మాట్లాడకు.

ఖర్చులకి కొంచెం పంపాను, చూసుకో. మీ అమ్మకి మాత్రం ఒంటరిగా వెళ్తున్నానని చెప్పకు. నేనూ చెప్పలేదు.

నీ మామయ్య