పళ్లెంలో పసుపు నీళ్లు పోసి గ్రహణం చూడొచ్చా?

ప్రశ్న: 2027 ఆగస్టు 2 సాయంత్రం పాక్షిక సూర్యగ్రహణం ఉందట. మా ఇంట్లో పసుపు నీళ్లలో చూసే అలవాటు. మా అబ్బాయి పాత ఎక్స్‌రే ఫిల్మ్ చాలంటాడు. ఏది నయం? – ఒక పాఠకురాలు, నల్గొండ

జవాబు: రెండూ వద్దండీ. సూర్యుణ్ణి నేరుగా చూడాలంటే వెలుగులో ముప్పై వేలవ వంతుకు మించి కంటికి చేరకూడదు. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడే నీళ్లు నూటికి రెండు వంతులు తిప్పికొడతాయి. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడుతుంది కాబట్టి ఇంకా ఎక్కువ. పసుపు కలిపినా పైపొర మెరుపు తగ్గదు. ఎక్స్‌రే ఫిల్మ్‌లో ఎముక బొమ్మ పడినచోట నలుపే ఉండదు. కంటి వెనక వెలుగును పట్టే పొర రెటీనాకు నొప్పి తెలియదు. కొన్ని గంటలయ్యాక చూపు మధ్యలో మచ్చ కనిపిస్తుంది, చదువుతుంటే అక్షరాలు మాయమవుతాయి. అలాగైతే వెంటనే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

పిల్లలకు అద్దం పద్ధతి అన్నిటికన్నా మంచిది. చిన్న చేతి అద్దాన్ని కాగితంతో కప్పి, మధ్యలో 5 మిల్లీమీటర్ల రంధ్రం చేయండి. ఎండ తగిలే వరండాలో దాన్ని కదలకుండా ఆనించి, వెలుగును లోపలి చీకటి గదిలో తెల్లగోడ మీదికి మళ్లించండి. బింబం సైజు దూరంలో సుమారు 109వ వంతు: 5 మీటర్లకు నాలుగున్నర సెంటీమీటర్లు, 10 మీటర్లకు 9. చాలామంది గోడను మరీ దగ్గర పెట్టుకుంటారు. అప్పుడు కనిపించేది రంధ్రం ఆకారమే, సూర్యుడు కాదు. దూరం చాలినంత ఉంటే రంధ్రం చతురస్రంగా ఉన్నా బింబం గుండ్రంగానే పడి, చంద్రుడు కొరికిన అంచు తెలుస్తుంది. ఆ వెలుగు ఎవరి కళ్లలోనూ పడనివ్వకండి. బూందీ గరిటె పట్టుకున్నా ఒక్కో చిల్లుకూ ఒక్కో సూర్యుడు పడతాడు. సాయంత్రం కాబట్టి నేల మీద కాకుండా, మీటరు దూరంలో నిలబెట్టిన తెల్ల అట్ట మీద చూడండి.

ప్రశ్న: గ్రహణం కళ్లద్దాలు మంచివో కావో ఎలా తెలుస్తుంది? – ఒక విద్యార్థి, ఏలూరు

జవాబు: సూర్యుణ్ణి చూసే ఫిల్టర్లకు పెట్టిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 12312-2 అని ఉండాలి, కానీ ఆ ముద్ర ఎవరైనా వేయగలరు, కాబట్టి నమ్మకమైన చోటే కొనండి. పెట్టుకుని ఇంట్లో చూస్తే కుర్చీ, గోడ ఏవీ కనిపించకూడదు. గీత, చిల్లు, మడత ఉంటే పారేయండి. తల దించి పెట్టుకోండి, తల దించాకే తీయండి. వాటితో బైనాక్యులర్స్‌లోంచి అస్సలు చూడకండి. కటకం పోగుచేసిన వేడికి ఫిల్టరు కాలిపోతుంది. సూర్యుడు పూర్తిగా మూసుకున్న క్షణాల్లో మాత్రమే కళ్లద్దాలు తీయొచ్చు. ఈసారి ఆ అవకాశం ఈజిప్టులో లక్సర్ లాంటి చోట్ల ఉంది, మనకు లేదు.