అమ్మ ‘బాగానే ఉన్నాను’ అంటోంది, ఏం చేయాలి? – సమాధానం

రాయగడ నుంచి విశాఖకు క్యాన్సర్ కీమోకి తీసుకెళ్తున్న అమ్మగారు డాక్టరు ముందు నవ్వుతూ ‘బాగానే ఉన్నాను బాబూ’ అంటున్నారనీ, ఇంటికొచ్చాక ముద్ద దిగడం లేదనీ రాశారు. ఆ నవ్వును తప్పుపట్టకండి, మీరు బెంగపడతారనే దాస్తున్నారు. కానీ మోతాదు తగ్గించాలా, వాంతుల మాత్ర మార్చాలా అన్నది డాక్టరు తేల్చేది చాలావరకు ఆవిడ మాటను బట్టే.

‘ఎలా ఉందమ్మా?’ అని అడగొద్దు. ‘పొద్దున్నుంచి ఎన్ని ముద్దలు తిన్నావు? ఎన్నిసార్లు వాంతయింది? జాకెట్టు హుక్కులు పెట్టుకోగలిగావా?’ అని అడగండి. హుక్కు వేళ్లకు తెలియకపోతే నరాలు దెబ్బతింటున్నాయేమో చూపించాలి. కొన్ని కీమో మందులతో ఇలా అవుతుంది, దాస్తే ఆ తిమ్మిరి ఉండిపోవచ్చు. ఇవన్నీ తేదీ వేసి నోటుపుస్తకంలో రాసి, ఓపీలో మీరే డాక్టరు చేతికివ్వండి.

నోటి పూతకు 250 మి.లీ. గోరువెచ్చని నీళ్లలో పావు టీస్పూను వంటసోడా, అందులో సగం ఉప్పు కలిపి, రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించి ఉమ్మేయాలి.

జ్వరం మాత్రం దాచనివ్వకండి. చాలా కీమోల్లో మందు ఎక్కించాక 7 నుంచి 14 రోజుల మధ్య, ఇన్‌ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలు బాగా పడిపోతాయి. థర్మామీటరు 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ చూపిస్తే పారాసెటమాల్ వేసి తెల్లారేదాకా ఆగొద్దు. మాత్ర జ్వరాన్ని దింపుతుంది గానీ ఇన్‌ఫెక్షన్‌ను కాదు. విశాఖ రైలు కోసం చూడకుండా ఆ రాత్రే రాయగడ జిల్లా ఆసుపత్రికి వెళ్లి, ‘కీమో నడుస్తోంది’ అని మొదటి మాటగా చెప్పండి. కాగితాల సంచీ ఇప్పుడే తలుపు పక్కన మేకుకు తగిలించండి.