నవల చదివినవారికే ఎక్కువ కోపం ఎందుకు?

ప్రశ్న: మా ఊరి ఫిల్మ్ సొసైటీలో అలెక్సేయ్ గెర్మన్ తీసిన రష్యన్ చిత్రం 'హార్డ్ టు బి ఎ గాడ్' వేశారు. సోవియట్ సైన్స్ ఫిక్షన్ రచయితలు స్ట్రుగాట్‌స్కీ సోదరులు రాసిన, దీనికి ఆధారమైన నవలను ఇంగ్లీషు అనువాదంలో ఇష్టంగా చదివినదాన్ని కనుక ఆశగా వెళ్లాను. గంట గడిచేసరికి సగం హాలు ఖాళీ అయింది. చివరిదాకా కూర్చున్నవారిలో కొందరు ఇంతటి సినిమా ఇంతవరకు చూడలేదన్నారు. నాకు మాత్రం బురద, ఉమ్ము, వాన తప్ప కథ కనిపించలేదు. లోపం నా చూపులో ఉందా, సినిమాలో ఉందా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీ చూపులో లోపమేమీ లేదు. 2013 నవంబరులో రోమ్ చలనచిత్రోత్సవంలో ఈ చిత్రాన్ని తొలిసారి ప్రదర్శించినప్పుడు కూడా మధ్యలో లేచి వెళ్లిపోయినవారున్నారు. మరోవైపు ఉంబెర్తో ఎకో అంతటి రచయిత, దీని పక్కన పెడితే రక్తపాతానికి పేరుపడ్డ అమెరికన్ దర్శకుడు టరాంటినో సినిమాలు డిస్నీ చిత్రాల్లా కనిపిస్తాయన్న ధోరణిలో మెచ్చుకున్నారు. ఇక్కడ నేను గమనించినది ఒకటుంది. నవల తెలియనివారు విసుగుతో లేచి వెళ్లిపోతారు, నవల చదివినవారు కోపంతో లేచి వెళ్లిపోతారు. మీది రెండో రకమని మీ ఉత్తరమే చెబుతోంది, ఆ కోపానికి కారణమూ ఉంది.

1964లో వచ్చిన ఆ నవలలో, మధ్యయుగాల దశలోనే ఆగిపోయిన ఒక గ్రహానికి భూమి నుంచి వెళ్లిన పరిశీలకుడు డాన్ రుమాతా అనే ప్రభువు వేషంలో ఉంటాడు. చదువు వచ్చినవారిని వెతికి వెతికి చంపుతున్న రాజ్యంలో, చేతనైనంతమందిని తప్పించగలడే తప్ప చరిత్ర నడకలో వేలు పెట్టేందుకు, ఎవరినీ చంపేందుకు అతనికి అనుమతి లేదు. మనం ఆ కథంతా అతని మనసులో కూర్చుని చూస్తాం. అతని అసహ్యం, జాలి, తనపై తనకు కలిగే అనుమానం అన్నీ మనకు వినిపిస్తూ ఉంటాయి కనుక, ఎంత ఘోరం జరుగుతున్నా మన కాళ్ల కింద భూమి ఉన్నట్టే అనిపిస్తుంది. గెర్మన్ సరిగ్గా ఆ ఆసరానే తీసేశారు. క్లుప్తమైన వ్యాఖ్యానం కొంత మినహా లోపలి గొంతు లేదు, ఎవరు ఎవరో చెప్పేవారు లేరు. నలుపు తెలుపులో 177 నిమిషాల పాటు కెమెరా ఇరుకు గదుల్లో జనం మధ్య నలుగుతూ తిరుగుతుంది. ముఖ్యమైన మాట వినబోతున్నామనుకునేసరికి చచ్చిన కోడి కాళ్లో, ఎవరిదో చెయ్యో తెరకు అడ్డం వస్తుంది. దారిన పోయేవాడు ఆగి, మనమూ ఆ వీధిలోనే నిలబడి ఉన్నట్టు, కెమెరాలోకి చూసి పోతాడు.

బుదాఖ్ అనే వైద్యుడితో సంభాషణను గుర్తు చేసుకోండి. దేవుడు ఎదురైతే ఏం కోరతావని రుమాతా అడగడం, ఆయన చెప్పిన ఒక్కో కోరికకు ఇతను అభ్యంతరం చెప్పడం, చివరికి ఆ వృద్ధుడు, అయితే మమ్మల్ని తుడిచేసి కొత్తగా సృష్టించు, లేదా మా దారిన మమ్మల్ని వదిలెయ్యి అనడం – పుస్తకంలో అది గుండెకాయ వంటి ఘట్టం. సినిమాలో ఆ మాటలు, మూత్రం రాక అవస్థ పడుతున్న ముసలివాడి మూలుగుల మధ్య ఎక్కడో దొర్లిపోతాయి. మీకు కథ కనిపించలేదంటే ఆశ్చర్యమేముంది? అయితే ఇది చేతకానితనం వల్ల జరిగినది కాదు. అంత గొప్ప ప్రశ్నను ప్రశాంతంగా వినే తీరిక ఆ లోకంలో ఎవరికీ లేదన్నదే దర్శకుని పట్టుదల. ఆ పట్టుదల నాకు అర్థమవుతుంది, అక్కడ నేను ఆయన పక్షమే. రుమాతాను ప్రేమించిన అమ్మాయి చనిపోయినప్పుడు మాత్రం ఆ పద్ధతే ఎదురు తిరిగిందని నా అభిప్రాయం. అంతవరకు ఆమెను మనకు సరిగా కనిపించనివ్వలేదు కనుక, ఆ తర్వాత అతను కత్తి పట్టడం వెనుక ఉన్న దుఃఖం మనదాకా రాదు.

గెర్మన్ ఈ నవలను 1968లోనే సినిమాగా తీయాలనుకుని, బొరీస్ స్ట్రుగాట్‌స్కీతో కలిసి స్క్రిప్టు రాశారు. ఆ ఆగస్టులో సోవియట్ ట్యాంకులు చెకోస్లొవాకియా రాజధాని ప్రాగ్‌లోకి వెళ్లాయి. ఒక నగరాన్ని సాయుధ దళం ఆక్రమించే కథకు ఇక అనుమతి దొరకలేదు. చివరికి 2000లో మొదలైన షూటింగు ఏళ్ల తరబడి సాగి, శబ్దం పని ఇంకా మిగిలి ఉండగానే 2013 ఫిబ్రవరిలో ఆయన కన్నుమూశారు. భార్య స్వెత్లానా కర్మలీతా, కుమారుడు దాన్ని పూర్తి చేశారు. 1968 నాటి ఆ యువకుడే తీసి ఉంటే మీరు కోరుకున్న కథ తెర మీదికి వచ్చేదేమో. చదువుకున్నవారు ఒక సమాజాన్ని చెయ్యి పట్టి ముందుకు నడిపించగలరన్న నమ్మకం నవలలో గాయపడినా బతికే ఉంటుంది. ముప్పై ఏళ్లకు పైగా గడిచాక కెమెరా పట్టిన గెర్మన్‌కు ఆ నమ్మకం లేదు. పుస్తకం ముగింపులో రుమాతాను భూమికి తీసుకువస్తారు, సినిమాలో అతను ఆ మంచులోనే ఉండిపోతాడు. మిమ్మల్ని నొప్పించినది బురద కన్నా ఈ తేడాయేనని నా అనుమానం.

నచ్చలేదన్నవారికి రుచి లేదని కొట్టిపారేసే అభిమానుల మాట పట్టించుకోకండి. వారి వల్ల ఈ సినిమాకు మేలు కన్నా కీడే ఎక్కువ జరిగింది.

ప్రశ్న: ఇదే నవలను అంతకుముందే ఎవరో తీశారని విన్నాను. ముందు దాన్ని చూస్తే ఇది సులువుగా అర్థమవుతుందా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: పీటర్ ఫ్లయిష్‌మన్ 1989లో రంగుల్లో తీశారు, జర్మన్ దర్శకుడు వెర్నర్ హెర్జోగ్ అందులో ఒక చిన్న పాత్ర వేశారు. కథ వరుసగా నడుస్తుంది, ఎవరెవరో తెలుస్తుంది. కానీ రుమాతా ఆలోచనలు తెలియాలంటే అది కూడా చాలదు. దాని బదులు నవలనే చదివి, గెర్మన్ చిత్రాన్ని ఒక్క రాత్రిలో ముగించాలని పట్టు పట్టకుండా రెండు విడతల్లో చూడండి.