కత్తి చూపింది వేరొకడు, బండి నడిపింది మావాడు: ఏ శిక్ష పడుతుంది?

ప్రశ్న: మాది గాజువాక. మా ఆయన స్టీల్ ప్లాంట్‌లో కాంట్రాక్టు కార్మికుడు, షిఫ్టుల పని. నేను ఇంట్లో బట్టలు కుడతాను. మా అబ్బాయికి 17 ఏళ్ల 8 నెలలు. ఇంటర్ మొదటి సంవత్సరం తప్పి కాలేజీ మానేశాడు. పోయిన నెల రాత్రి పూట బీచ్ రోడ్డులో ఒకాయన ఫోను, పర్సు లాక్కున్న కేసులో పోలీసులు పట్టుకున్నారు. బండి నడిపింది మావాడు. వెనక కూర్చుని కత్తి చూపించింది 19 ఏళ్ల కుర్రాడు. మావాడు ఇప్పుడు జువైనల్ హోమ్‌లో ఉన్నాడు. పదో తరగతి మెమోలో పుట్టినతేదీ సరిగ్గానే ఉంది, ఆధార్‌లో మాత్రం ఏడాది ఎక్కువ పడింది. కేసు తేలేలోపు 18 నిండితే అడవివరం సెంట్రల్ జైలుకు పంపుతారని ఒకరు, జరిమానా కట్టేస్తే అయిపోతుందని ఇంకొకరు అంటున్నారు. అసలు ఏ శిక్ష వేస్తారు? ఐటీఐ చేయించి డాక్‌యార్డ్ అప్రెంటిస్ పరీక్ష రాయించాలనుకున్నాం. ఆ దారి మూసుకుపోయినట్లేనా? - ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ పేరు గానీ, అబ్బాయి పేరు గానీ ఇక్కడ వేయడం లేదు. 2015 నాటి జువైనల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ అందుకు ఒప్పుకోదు. కేసులో ఉన్న పిల్లవాడిని గుర్తుపట్టేలా వివరాలు బయటపెడితే 6 నెలల వరకు జైలు, 2 లక్షల రూపాయల వరకు జరిమానా. మీ కాలనీ వాట్సాప్ గ్రూపులో ఎవరైనా అబ్బాయి ఫొటో తిప్పుతుంటే ఆ సెక్షన్ నంబరు ఒకసారి వారి చెవిన వేయండి.

సెంట్రల్ జైలు భయం పక్కన పెట్టేయండి. నేరం జరిగిన రోజున వయసెంత అన్నదే లెక్క. ఆ రోజుకు 18 నిండకపోతే, విచారణ మధ్యలో పుట్టినరోజు వచ్చినా జువైనల్ జస్టిస్ బోర్డే విచారణ సాగిస్తుంది, పిల్లవాడిగానే పరిగణించి ఉత్తర్వు ఇస్తుంది. 5వ సెక్షన్ ఉన్నది అందుకే. పెద్దవాడైన కుర్రాణ్ని చిన్నపిల్లల మధ్య ఉంచడం మంచిది కాదనుకుంటే ప్లేస్ ఆఫ్ సేఫ్టీ అనే వేరే చోటికి మార్చవచ్చు. అది కూడా జైలు కాదు, పోలీసు లాకప్పు అంతకంటే కాదు.

ఆధార్ సంగతి కూడా అంతే. వయసు తేల్చడానికి 94వ సెక్షన్ ఒక వరుస పెట్టింది. మొదట బడి ఇచ్చిన పుట్టినతేదీ ధ్రువపత్రం లేదా పదో తరగతి సర్టిఫికెట్, అవి లేకపోతే జీవీఎంసీ లాంటి స్థానిక సంస్థ ఇచ్చిన జనన ధ్రువపత్రం, ఇవేవీ లేనప్పుడే ఎముకల పరీక్ష. ఆ వరుసలో ఆధార్ లేదు. పదో తరగతి మెమో అసలు ప్రతి పట్టుకెళ్లి చూపించి, నకలు దాఖలు చేయించండి. అంతకు మించిన తెలివితేటలు వద్దు. వయసు 16 కంటే తక్కువ చూపే కాగితం తెచ్చి ఇస్తామనేవాళ్లు ఎక్కడో ఒకచోట తగులుతారు (16 ఎందుకన్నది కింద చెబుతాను). వాళ్ల మాట వింటే ఉన్న కేసుకు ఇంకో కేసు తోడవుతుంది, అందులో ముద్దాయి మీరే అవుతారు.

అసలు చిక్కంతా కత్తి దగ్గర ఉంది. చట్టం పిల్లల నేరాలను మూడు రకాలుగా విడదీసింది. గరిష్ఠ శిక్ష 3 ఏళ్లకు మించనివి చిన్న నేరాలు. కనీస శిక్షే 7 ఏళ్లు, ఆపైన ఉన్నవి ఘోర నేరాలు. మధ్యలో మిగిలినవి తీవ్ర నేరాలు. గరిష్ఠ శిక్ష ఎంత పెద్దదైనా, కనీసం 7 ఏళ్లు అని చట్టంలో లేకపోతే దాన్ని ఘోర నేరం అనకూడదని 2020 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. 2021 సవరణతో అది చట్టంలోకే వచ్చింది. పిల్లవాణ్ని పెద్దవాడిగా విచారించాలా అన్న ప్రశ్న ఘోర నేరానికే, అదీ నేరం నాటికి 16 నిండినవాళ్లకే వస్తుంది.

ఇప్పుడు మీ కేసు చూడండి. చేతిలో ఫోను లాక్కుని పారిపోవడం భారతీయ న్యాయ సంహిత 304 కిందికి వస్తుంది, 3 ఏళ్ల వరకు శిక్ష. అది చిన్న నేరమే. కత్తి చూపి బెదిరించి తీసుకుంటే దోపిడీ, 309వ సెక్షన్. 10 ఏళ్ల వరకు శిక్ష ఉన్నా కనీసం ఇంత అని లేదు కాబట్టి తీవ్ర నేరం. దానికి 311 కూడా తోడైతే, అంటే దోపిడీలో మారణాయుధం వాడారని రాస్తే, శిక్ష 7 ఏళ్లకు తగ్గకూడదు. అక్కడితో అది ఘోర నేరమైపోతుంది. మీ అబ్బాయి 16 దాటినవాడు. ఎఫ్‌ఐఆర్‌లో ఒక్క సెక్షన్ చేరితే కేసు నడిచే దారే మారిపోతుందన్న మాట.

కాబట్టి రేపు మొదట చేయాల్సిన పని ఎఫ్‌ఐఆర్ నకలు తీసుకుని అందులో 311 ఉందో లేదో చూడటం. ఉంటే మీ న్యాయవాది గట్టిగా పట్టుబట్టవలసిన విషయం ఒకటుంది. ఈ 311 పాత ఐపీసీలోని 397వ సెక్షనే. ఆ 7 ఏళ్ల కనీస శిక్ష ఆయుధం వాడినవాడికే వర్తిస్తుందని, పక్కన ఉన్నవాడికి అంటగట్టకూడదని సుప్రీంకోర్టు 1975లోనే చెప్పింది. అవతలివాడికి కనపడేలా కత్తి పట్టుకోవడం కూడా వాడటమేనని అదే తీర్పు చెప్పింది కనుక 19 ఏళ్ల కుర్రాడు తప్పించుకోలేడు. మీవాడి చేతుల్లో ఉన్నది బండి హ్యాండిల్. ఉమ్మడి ఉద్దేశంతో చేశారంటూ దోపిడీ మోపవచ్చు గానీ 311 మోపడం కుదరదు. ఈ మాట మొదటి వాయిదాల్లోనే బోర్డు ముందు పెట్టాలి.

ఒకవేళ బోర్డు ఒప్పుకోక ఘోర నేరంగానే తీసుకుందనుకుందాం. అప్పుడు జువైనల్ జస్టిస్ చట్టం 15వ సెక్షన్ కింద, పెద్దవాడిగా విచారించాలా అన్నది తేల్చడానికి ప్రాథమిక మదింపు జరుగుతుంది. నేరం చేశాడా లేదా అని అక్కడ చూడరు. ఆ పని చేయగల శారీరక, మానసిక సామర్థ్యం ఉందా, పర్యవసానాలు అర్థం చేసుకోగలడా, ఏ పరిస్థితుల్లో జరిగింది అన్నవి చూస్తారు. మనస్తత్వ నిపుణుల సాయం లేకుండా అది పైపైన జరిగిపోతుంటే అభ్యంతరం చెప్పండి. కేసు చిల్డ్రన్స్ కోర్టుకు, అంటే పిల్లల కేసులు విచారించే సెషన్స్ స్థాయి కోర్టుకు వెళ్లినా, పెద్దవాడిగా విచారించాల్సిన అవసరం ఉందా అని ఆ కోర్టు మళ్లీ సొంతంగా చూస్తుంది. అక్కడ శిక్ష పడినా 21 ఏళ్లు వచ్చేదాకా ప్లేస్ ఆఫ్ సేఫ్టీలోనే ఉంచాలి. మరణశిక్ష గానీ, విడుదలకు వీలులేని యావజ్జీవం గానీ ఏ పిల్లవాడికీ వేయడానికి లేదు. మీ కేసు అంతదాకా వెళ్తుందని నేను అనుకోవడం లేదు. 19 ఏళ్ల కుర్రాడి కేసు మామూలు కోర్టులో నడుస్తుంది, ఇద్దరినీ కలిపి విచారించరు.

బెయిలు సంగతి మీరు అడగనే లేదు, అడగాల్సింది. 12వ సెక్షన్ ప్రకారం పిల్లలకు బెయిలు ఇవ్వడమే పద్ధతి. నేరస్థుల సావాసంలో పడతాడని, అతనికి ప్రమాదమని, లేదా న్యాయం దెబ్బతింటుందని నమ్మడానికి కారణాలుంటేనే నిరాకరించాలి, ఆ కారణాలు రాతలో పెట్టాలి. నేరం పెద్దదన్న ఒక్క మాట చాలదు. బెయిలు వచ్చి, షరతులు తీర్చలేక 7 రోజులు దాటితే షరతులు సడలించడానికి బోర్డు ముందుకు మళ్లీ తేవాలి. పూచీకత్తుకు డబ్బు లేదని కుర్రాణ్ని హోమ్‌లోనే వదిలేసిన కుటుంబాలను చూస్తే నాకు కోపమూ జాలీ రెండూ వస్తాయి.

ఇక శిక్ష. విచారణలో నేరం రుజువైతే బోర్డు 18వ సెక్షన్ తెరుస్తుంది. అన్నిటికంటే తేలికది మందలించి, పిల్లవాడికీ తల్లిదండ్రులకూ కౌన్సెలింగ్ ఇచ్చి ఇంటికి పంపడం. గుంపుగా కౌన్సెలింగ్‌కు హాజరవమనవచ్చు. సమాజ సేవ చేయించవచ్చు, అంటే పార్కు శుభ్రం చేయడం, వృద్ధాశ్రమంలో పెద్దవాళ్లకు సాయపడటం, ట్రాఫిక్ వాలంటీరుగా నిలబడటం లాంటివి. జరిమానా కూడా ఈ జాబితాలో ఉంది, తల్లిదండ్రులను కట్టమనవచ్చు. అయితే అది కేసు కొనుక్కునే ధర కాదు. మీకు ఎవరో చెప్పినట్లు డబ్బు కట్టి రసీదు పట్టుకుని ఇంటికి వచ్చేయడం మీ చేతిలో ఉండదు, బోర్డుకు తగినదనిపించాలి.

దోపిడీ లాంటి తీవ్ర నేరంలో మీరు గురి పెట్టాల్సింది మంచి ప్రవర్తన షరతుపై ప్రొబేషన్. తల్లిదండ్రులు బాండు రాసిస్తే, 3 ఏళ్లకు మించకుండా, వారి సంరక్షణలోనే ఉంచుతారు. ఇల్లు సరిపోదనిపిస్తే తగిన సంస్థ పర్యవేక్షణలో ప్రొబేషన్ ఇవ్వవచ్చు. చివరిది స్పెషల్ హోమ్, అదీ 3 ఏళ్లకు మించకూడదు. అక్కడ చదువు, పని నేర్పడం, కౌన్సెలింగ్ ఉండాలి. కుర్రాడి ప్రవర్తన తనకే, లేదా తోటి పిల్లలకు చేటు చేసేలా ఉంటే ప్లేస్ ఆఫ్ సేఫ్టీకి పంపుతారు. వీటితోపాటు బడికి వెళ్లు, వృత్తి శిక్షణలో చేరు, ఫలానా చోటికి వెళ్లకు, మత్తు మాన్పించే చికిత్స తీసుకో అని కూడా ఆదేశించవచ్చు. రాత్రి పూట బీచ్ రోడ్డు వైపు వెళ్లవద్దన్న షరతు మీవాడికి పడితే ఆశ్చర్యపోకండి.

ఇన్నిటిలో ఏది పడుతుందో తేల్చేది చాలావరకు వాదనలు కాదు, ఒక నివేదిక. ప్రొబేషన్ అధికారి మీ ఇంటికి వచ్చి, ఇరుగుపొరుగును అడిగి, కాలేజీలో కనుక్కుని సామాజిక విచారణ నివేదిక రాస్తారు. బోర్డులో మేజిస్ట్రేటు పక్కన ఇద్దరు సామాజిక కార్యకర్తలు కూర్చుంటారు, వారిలో ఒకరైనా మహిళ. నేరం ఎంత పెద్దదన్న దానితోపాటు, ఈ కుర్రాణ్ని ఎవరి చేతిలో పెడితే బాగుపడతాడన్నది వాళ్లు చూస్తారు. దానికి జవాబు ఆ నివేదికలోనే వెతుకుతారు.

అధికారి వచ్చినప్పుడు అడిగేవి ఇలా ఉంటాయి. రాత్రి ఎన్ని గంటలకు ఇల్లు చేరతాడు? బండి ఎవరిది, తాళాలు ఎవరి దగ్గర ఉంటాయి? సిగరెట్టు, గంజాయి అలవాటు ఉందా? కాలేజీ మానేశాక రోజంతా ఏం చేశాడు? తండ్రి నైట్ షిఫ్టులో ఉన్నప్పుడు ఇంట్లో మగదిక్కు ఎవరు? చాలామంది తల్లులు ఇక్కడ "మావాడు బంగారం, స్నేహితులే చెడగొట్టారు" అని మొదలుపెడతారు. వద్దమ్మా. పక్కింటివాళ్లు రెండు నిమిషాల్లో వేరే మాట చెబుతారు, నివేదికలో మీ విశ్వసనీయత పోతుంది. తప్పిన పరీక్ష, రాత్రి తిరుగుడు, ఉంటే అలవాట్లు, అన్నీ ఉన్నవి ఉన్నట్లు చెప్పి, ఇకమీదట ఏం చేస్తారో కాగితాలతో చూపండి. కంచరపాలెం ఐటీఐలో గానీ, ఇంకెక్కడైనా గానీ ప్రవేశానికి పెట్టిన దరఖాస్తు. మళ్లీ ఇంటర్ కట్టిన ఫీజు రసీదు. మత్తు అలవాటు ఉంటే పెదవాల్తేరు మానసిక వైద్యశాలలో చూపించిన చీటీ. మీ ఆయన షిఫ్టులో ఉండే రాత్రుళ్లు వచ్చి ఉంటానని మీ తమ్ముడో, మామగారో రాసిచ్చిన మాట. ఈ నాలుగు కాగితాలు ముప్పావు గంట వాదన కంటే ఎక్కువ పనిచేస్తాయి. మీ ఆయన ఒక రోజు కూలి పోయినా బోర్డు ముందు వాయిదాకు రావాలి. తల్లి ఒక్కతే వస్తుంటే తండ్రి ఏడీ అని ఎవరైనా అనుకుంటారు.

నేరం ఒప్పేసుకుంటే త్వరగా వదిలేస్తారని కూడా ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. న్యాయవాదితో మాట్లాడకుండా ఆ పని చేయించకండి. న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా కోర్టు ప్రాంగణంలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోను చేయండి. పిల్లల కేసుల్లో ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. మొదటిసారి హాజరుపరిచిన రోజు నుంచి 4 నెలల్లో విచారణ ముగియాలి, అవసరమైతే ఇంకో 2 నెలలు పొడిగిస్తారు. ఉత్తర్వు నచ్చకపోతే 30 రోజుల్లో చిల్డ్రన్స్ కోర్టులో అప్పీలు వేసుకోవచ్చు.

డాక్‌యార్డ్ దారి మూసుకుపోలేదు. బోర్డు దోషిగా తేల్చినా, ఆ కారణంగా వచ్చే ఏ అనర్హతా పిల్లవాడికి అంటదని 24వ సెక్షన్ చెబుతోంది. రికార్డులను అప్పీలు గడువు దాకా లేదా 7 ఏళ్లు, అంతకు మించకుండా భద్రపరిచి ధ్వంసం చేయాలని నిబంధన. కేసు ముగిశాక క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసం పోలీసులు ఆ వివరాలు వెల్లడించకూడదు. మైనరుగా ఉన్నప్పటి కేసును సీఐఎస్‌ఎఫ్ (కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం) ఉద్యోగానికి ఎంపికైన యువకుడికి వ్యతిరేకంగా వాడకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఈ రక్షణ లేనిది ఒకే సందర్భంలో: 16 దాటి, చిల్డ్రన్స్ కోర్టులో పెద్దవాడిగా విచారణ జరిగి దోషిగా తేలినప్పుడు. 311 మీద అంతగా పట్టుబట్టమన్నది ఇందుకు కూడా. ఉద్యోగంలో చేరేటప్పుడు నింపే అటెస్టేషన్ ఫారంలో "మీపై ఎప్పుడైనా కేసు నమోదైందా" అన్న గడి వచ్చినప్పుడు తోచినట్లు నింపకండి. ఆ ఫారం, బోర్డు తుది ఉత్తర్వు నకలు పట్టుకుని ముందు న్యాయవాదిని కలవండి.