వీడియోలో డాక్టరు చూస్తే చాలా? మా అమ్మ మెట్టెల సంగతి వినండి

"అమ్మానాన్నలు ఊళ్లో, మేం బెంగళూరులో. గుండె జబ్బున్న మనిషిని వీడియో కాల్‌లో డాక్టరుకి చూపిస్తే సరిపోతుందా?" అని అడిగారు.

సరిపోతుంది. కాకపోతే డాక్టరెవరన్నది తర్వాత, అటువైపు ఫోన్ పట్టుకునేదెవరో ముందు చూసుకోండి. మూడేళ్లుగా పడుతున్నాను కాబట్టి గట్టిగానే చెబుతున్నాను.

మా అమ్మకి 71. గుండె పంపింగ్ తక్కువ. ఉండేది పాలకొల్లు దగ్గర పల్లెటూరు, డాక్టరు విజయవాడ, నేను హైదరాబాద్. నెలకోసారి ముగ్గురం వీడియోలో కలుస్తాం. కలవడమంటే, "డాక్టర్ త్వరలో వస్తారు" అన్న అక్షరాలు చూస్తూ నలభై నిమిషాలు కూర్చోవడం. ఫీజు మాత్రం ముందే కట్టించుకుంటారు. సరే, అది వేరే ఏడుపు.

అమ్మేమో వీడియో అనగానే మొహం కడుక్కుని, పౌడరు రాసుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని కూర్చుంటుంది. ఆయాసం ఉందా అమ్మా? లేదండి. నిద్ర పడుతోందా? బాగానే పడుతోందండి. కళ్లు మాత్రం స్క్రీన్ మూలన కనబడే తన బొమ్మ మీదే. నాన్న ఫోన్ పట్టుకుంటే సగం సేపు ఫ్యానే కనిపిస్తుంది.

కిందటి మాఘమాసంలో ఓ రోజు నాన్న ఇంట్లో లేక, పక్కింట్లో డిగ్రీ చదివే అమ్మాయి పట్టుకుంది. అమ్మ మామూలుగానే బాగున్నానండి అంటోంది. ఆ పిల్ల ఉన్నట్టుండి "మామ్మగారూ, మీ మెట్టెలేంటి ఇలా దిగిపోయాయి?" అని ఫోన్ కిందికి తిప్పింది. చూద్దును కదా, వేలు ఉబ్బి మెట్టె కండలో పూడుకుపోయింది. డాక్టరుగారు కుర్చీలో ముందుకి జరిగారు. "మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో నొక్కి, పదిదాకా లెక్కపెట్టి వదులమ్మా" అన్నారు. వేలు తీశాక గుంట అలాగే ఉండిపోయింది, తడిపిన పిండిలో వేలు పెట్టినట్టు. మంచం కిందికి తోసేసిన బరువు మిషను లాగి ఎక్కిస్తే, పోయిన నెల కన్నా మూడున్నర కిలోలు ఎక్కువ. తిండికి పెరిగిన బరువు కాదది, ఒంట్లో నిలిచిపోయిన నీరు.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. చుట్టాల పెళ్లికి బస్సులో వెళ్తూ, దారిలో బాత్రూం ఇబ్బందని నీళ్ల మాత్ర, అంటే ఒంట్లో నీటిని మూత్రంగా దింపేసే మాత్ర, మానేసింది! వచ్చాక కూడా మళ్లీ వేసుకోలేదు. "నువ్వు టెన్షన్ పడతావని చెప్పలేదు నాన్నా" అట. డాక్టరుగారు మాత్ర మళ్లీ మొదలుపెట్టించి, రక్తపరీక్ష రాసి, రెండు రోజుల్లో వాపు దిగకపోయినా ఆయాసం వచ్చినా భీమవరం వెళ్లి ఆసుపత్రిలో చేరిపొమ్మన్నారు. దిగింది.

మా బావ అమెరికా నుంచి పంపిన స్మార్ట్ వాచీ బీరువాలో చీరల కింద భద్రంగా ఉంది. చేతికున్నా మెట్టెల సంగతి అడిగేదా? బీపీ సంగతీ అంతే. నాన్న జాకెట్టు చేతి మీదుగానే పట్టీ చుట్టేస్తాడు, అమ్మ మా ఆవిడ మీద చాడీలు చెబుతూ కొలిపించుకుంటుంది, 168 వస్తుంది. పట్టీ సరిగ్గా చుట్టి, అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోబెడితే 142.

వీడియో వైద్యం చెల్లుతుందా అని కూడా మా బావకి అనుమానం. 2020 మార్చిలోనే కేంద్రం దీనికి మార్గదర్శకాలిచ్చింది. అంతకు ఇరవై ఏళ్ల ముందే, 2000లో, చిత్తూరు జిల్లా అరగొండలో అపోలో వాళ్లు టెలిమెడిసిన్ మొదలుపెట్టారు. 2019లో వచ్చిన ప్రభుత్వ టెలిమెడిసిన్ సేవ ఈ-సంజీవనిలోనైతే ఊరి ఆరోగ్య కేంద్రంలో సిబ్బందే రోగిని పక్కన కూర్చోబెట్టుకుని డాక్టరుతో మాట్లాడిస్తారు. నేను మొత్తుకునేది ఆ పక్కన కూర్చునే మనిషి గురించే.

ఇప్పుడు నాన్న రోజూ పొద్దున్నే అమ్మ బరువు గోడ కేలండరు గడిలో రాసి, ఫొటో తీసి పంపుతాడు. గడి ఖాళీగా ఉంటే వెంటనే ఫోన్ చేస్తాను. ఎవరి పెళ్లికి వెళ్తున్నారని.