కాంపౌండ్ విల్లు ఆర్చరుకు సరిపోతుందో లేదో ఎలా తేల్చాలి?

అనంతపురంలో ఇంటర్ చదువుతున్న కుమారునికి కాంపౌండ్ విల్లు (కొసల్లో చక్రాలుండే విల్లు) కొనదలచిన తండ్రి, లాగే బరువు ఎన్ని పౌండ్లున్నది మంచిదని అడిగారు. పౌండ్ల కన్నా ముందు తేల్చవలసినది డ్రా లెంగ్త్, అంటే నారిని ఎంత దూరం లాగాలన్న కొలత.

అబ్బాయిని గోడకు ఆనించి నిలబెట్టి, చేతులు భుజాల ఎత్తున బారుగా చాపించి, ఒక మధ్యవేలి కొస నుంచి రెండో మధ్యవేలి కొస వరకు టేపుతో కొలిచి, వచ్చిన అంగుళాలను 2.5తో భాగించండి, చేతుల కొలత 70 అంగుళాలైతే డ్రా లెంగ్త్ సుమారు 28 అంగుళాలు. ఇది ఆరంభపు అంచనా మాత్రమే. పూర్తిగా లాగినప్పుడు తల కదపకుండానే నారి ముక్కు కొసను తాకాలి. తల వెనక్కి వాలుతున్నా, వదిలిన నారి ముంజేతికి కొడుతున్నా కొలత ఎక్కువైందని అనుమానించాలి. కాంపౌండ్ విల్లులో ఈ కొలతను కొసలనున్న చక్రాలు, అంటే కామ్‌లే నిర్ణయిస్తాయి కనుక, చక్రాలు లేని విల్లైన రికర్వ్‌లా తోచినంత లాగి సర్దుకోవడం కుదరదు. ఎదిగే వయసు కాబట్టి, కామ్ మార్చకుండానే డ్రా లెంగ్త్ సర్దగల రకం తీసుకోవడమే నా దృష్టిలో తెలివైన పని.

80 శాతం లెట్ ఆఫ్ (పూర్తిగా లాగాక తగ్గే బరువు) ఉన్న 50 పౌండ్ల విల్లును పూర్తిగా లాగాక చేతిమీద 10 పౌండ్లే నిలుస్తాయి, అయితే మధ్యలో ఆ 50 పౌండ్లనూ భుజం దాటవలసిందే. కుర్చీలో కూర్చొని, విల్లును పైకెత్తకుండా నిదానంగా లాగలేకపోతే ఆ బరువు వద్దు. ప్రపంచ ఆర్చరీ నిబంధనలు టార్గెట్ పోటీల్లో సైతం 60 పౌండ్లకు మించనివ్వవు.

గురి చూడడంలో అబ్బాయికి ఏ కన్ను ప్రధానమో కూడా ముందే చూసుకోండి. దుకాణంలో లాగి చూసేటప్పుడు బాణం లేకుండా నారిని వదలనివ్వకండి, విల్లే విరగవచ్చు. కొన్నాక మన సీమ ఎండల్లో మూసిన కారులో ఉంచితే నారి సాగి, సర్దిన కొలతలు తప్పుతాయి.